ఇంద్రధనుస్సు పేట (బెర్లిన్)

ఇంద్రధనుస్సు పేట జర్మనీ రాజధాని అయిన బెర్లిన్ నగరములో, షోనెబెర్గ్ ప్రాంతమునందు, నోలెండోర్ఫ్‌ప్లాట్స్ అను కూడలికి దక్షిణముగా ఉన్న కొన్ని వీధుల సముదాయము. జర్మన్ భాషలో దీనిని రేగెన్‌బోగెన్‌కీట్స్ అందురు. "రేగెన్‌బోగెన్" అనగా ఇంద్రధనుస్సు, "కీట్స్" అనగా బెర్లిన్ వాడుకలో పేట. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు నిర్భయముగా కలుసుకొనే బార్లు, నాట్యశాలలు, కాఫీ దుకాణాలు ఇక్కడ ఎక్కువగా ఉండుటచేత ఈ ప్రాంతము ప్రపంచ ప్రసిద్ధి పొందినది. ఐరోపాలో ఇటువంటి పేటలు ఇంకను ఉన్నవి. లండన్‌లోని సోహో, పారిస్‌లోని మారే, మాడ్రిడ్‌లోని చువేకా వాటిలో ముఖ్యమైనవి. అయితే శతాబ్దమునకు పైబడిన చరిత్ర, ఆ చరిత్ర మధ్యలో సంపూర్ణ విధ్వంసము, తిరిగి పునర్జన్మ అనునవి బెర్లిన్ పేట ప్రత్యేకత. అందుచేత ఈ వ్యాసములో వినోదము కంటె చరిత్రకే ఎక్కువ చోటు ఇవ్వబడినది.

== ఉనికి ==

నోలెండోర్ఫ్‌ప్లాట్స్ అను పేరు 1813లో నెపోలియన్ సైన్యాలతో జరిగిన ఒక యుద్ధమునకు సంబంధించిన బొహీమియా గ్రామము నుండి వచ్చినది. చుట్టుపక్కల పెద్ద రహదారులకు కూడా ఆనాటి సేనాపతుల పేర్లే పెట్టినారు. ఇక్కడి రైలు స్టేషను 1902లో ప్రారంభమైనది. బెర్లిన్‌లో ఊ-బాన్ అని పిలువబడే నగర రైలు మార్గాలలో ఒకటి, రెండు, మూడు, నాలుగు సంఖ్యల మార్గాలన్నియు కలిసే స్టేషను ఇదొక్కటే. స్టేషను పైనున్న గుమ్మటము రాత్రివేళ ఇంద్రధనుస్సు రంగుల దీపాలతో వెలుగుతుంది. కొత్తగా వచ్చినవారికి ఇదే ఆనవాలు. మోట్స్‌ష్ట్రాసె, ఫుగ్గర్‌ష్ట్రాసె, ఐసెనాఖర్‌ష్ట్రాసె, నోలెండోర్ఫ్‌ష్ట్రాసె ఈ పేటలోని ముఖ్యమైన వీధులు. (ష్ట్రాసె అనగా వీధి.) దగ్గరలోనే వింటర్‌ఫెల్ట్‌ప్లాట్స్ అను కూడలిలో బుధ, శనివారాలలో సంత జరుగును. పగటి పూట చూచినచో ఇది పిల్లల బడులు, రొట్టెల దుకాణాలు, పాత ఐదంతస్తుల మేడలు గల సామాన్యమైన మధ్యతరగతి నివాస ప్రాంతము మాత్రమే.

== చరిత్ర ==

=== పోలీసుల కనుసన్నలలో ===

జర్మన్ సామ్రాజ్యము ఏర్పడిన 1871లోనే ఆమోదింపబడి మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చిన శిక్షాస్మృతిలో 175వ సెక్షను పురుషుల మధ్య లైంగిక సంబంధమును నేరముగా పేర్కొన్నది. భారతీయ పాఠకులు దీనిని మన పాత శిక్షాస్మృతిలో ఉండిన 377వ సెక్షనుతో పోల్చుకొనవచ్చును. స్త్రీల ప్రసక్తి 175వ సెక్షనులో లేదు. ఈ చట్టము శిక్షించినది సంబంధమునే గాని, ఇద్దరు పురుషులు ఒక బల్ల వద్ద కూర్చుండి బీరు త్రాగుటను గాని, కలిసి నాట్యమాడుటను గాని కాదు. ఈ చిన్న సందులోనుండియే బెర్లిన్ రాత్రి జీవనము పుట్టినది.

1885లో బెర్లిన్ పోలీసు శాఖ ఇందుకొరకు ప్రత్యేక విభాగమును ఏర్పరచినది. దాని అధిపతి లియోపోల్డ్ ఫాన్ మేర్‌షైట్-హ్యూల్లెస్సెమ్ ఒక విచిత్రమైన పద్ధతిని అనుసరించినాడు. బార్లను మూయించుట కంటె వాటిని తెరచి ఉంచి కనిపెట్టుటయే మేలని అతని అభిప్రాయము. ఈ బార్లకు వచ్చే ధనవంతులను, అధికారులను బెదిరించి డబ్బు గుంజే ముఠాలను పట్టుకొనుట ఆ విభాగము ముఖ్య పనులలో ఒకటి. దీనివలన బార్లు బ్రతికినవి. కాని పోలీసుల వద్ద పేర్ల జాబితాలు కూడా పెరిగినవి. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను, ఇది మరల ప్రస్తావనకు వచ్చును.

ఈ కాలములో మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ (1868-1935) అను యూదు వైద్యుడు 175వ సెక్షను రద్దు కొరకు 1897లో ఒక సంఘమును స్థాపించినాడు. ఇటువంటి ఉద్యమ సంస్థలలో ప్రపంచమున ఇదియే మొదటిది అందురు. 1904లో అతడు ప్రచురించిన చిన్న పుస్తకము బెర్లిన్‌లోని స్వలింగ ప్రేమికుల బార్లను, నాట్య సభలను సానుభూతితో వర్ణించినది. 1919లో అతడు టీర్‌గార్టెన్ ప్రాంతములో లైంగిక శాస్త్ర పరిశోధనాలయమును ప్రారంభించినాడు. చికిత్స, సలహా, గ్రంథాలయము, ప్రదర్శనశాల అన్నియు ఒకే కప్పు క్రింద ఉండుటచేత విదేశీ యాత్రికులు కూడా దానిని చూడవచ్చెడివారు.

=== 1920వ దశకము ===

మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఏర్పడిన వైమార్ గణతంత్రములో పత్రికలపై నియంత్రణ సడలినది, మార్కు విలువ పడిపోవుటచే విదేశీయులకు బెర్లిన్ చవక నగరమైనది. స్వలింగ ప్రేమికులు కలుసుకొనే చోట్లు ఈ దశకాంతమునకు నగరములో సుమారు ఎనభై నుండి వంద వరకు ఉండెడివని చరిత్రకారుల సాధారణ అంచనా. షోనెబెర్గ్‌లో ఇవి బాగా ఖర్చుపెట్టగల మధ్యతరగతివారివి, తూర్పున, దక్షిణమున ఉన్నవి కార్మికులవి.

స్త్రీలకు ప్రత్యేక చోట్లు ఉండెడివి. ష్వెరీన్‌ష్ట్రాసెలోని టాప్‌కెల్లర్ అను నేలమాళిగ నాట్యశాల వాటిలో ఒకటి. అప్పటి ప్రఖ్యాత గాయని క్లెయిర్ వాల్డోఫ్ అక్కడికి వచ్చెడిది. రూత్ మార్గరెటె రోల్లిగ్ అను రచయిత్రి 1928లో బెర్లిన్‌లోని స్త్రీ ప్రేమికురాండ్ర క్లబ్బులను గూర్చి ఒక మార్గదర్శిని వ్రాసినది. దానికి హిర్ష్‌ఫెల్డ్ పీఠిక వ్రాసినాడు. 1931లో కుర్ట్ మోరెక్ అను కలము పేరుతో మరియొక మార్గదర్శిని వెలువడినది. సామాన్య మార్గదర్శినులు చెప్పని బెర్లిన్‌ను యాత్రికునకు చూపుట దాని ఉద్దేశము. విదేశాలకు వెళ్ళువారికి ఇటువంటి చోట్లను తెలిపే పుస్తకాలు ఇటీవలివని చాలామంది అనుకొందురు గాని అది సరికాదు.

=== ఎల్డొరాడో ===

ఈ కాలపు వినోదశాలలలో ఎక్కువ పేరు పొందినది ఎల్డొరాడో. ఈ పేరుతో ఒకటి లూథర్‌ష్ట్రాసెలోను, తరువాత మరియొకటి మోట్స్‌ష్ట్రాసె మూలమీద కూడా నడిచినవి. స్త్రీ వేషధారులైన పురుషులు ఇక్కడ పాటలు పాడి నాట్యమాడెడివారు. అతిథులు బిళ్ళలు కొని, ఆ బిళ్ళ ఇచ్చి వారితో ఒక నాట్యము ఆడవచ్చును. చిత్రకారుడు ఓటో డిక్స్ 1927లో ఎల్డొరాడో పేరుతో చిత్రమును గీసినాడు. వచ్చినవారిలో సినిమా తారలు, బ్యాంకు యజమానులు, రచయితలు, తమాషా చూడవచ్చిన దంపతులు ఉండెడివారు. నిజము చెప్పవలెనన్న ఇది ఎక్కువగా యాత్రికుల కొరకు నడిచిన ప్రదర్శన. అక్కడ పనిచేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మాత్రము అది జీవనోపాధి. మరియే చోటను తమకు నచ్చిన దుస్తులు ధరించి పని చేయుట వారికి కష్టసాధ్యము. వీధిలో పోలీసులు పట్టుకొనకుండుటకు హిర్ష్‌ఫెల్డ్ వంటి వైద్యుల సిఫారసుపై పోలీసు శాఖయే ఇచ్చిన ప్రత్యేక అనుమతి పత్రమును వారు వెంట ఉంచుకొనెడివారు.

=== ఇషర్‌వుడ్, ఇతర విదేశీయులు ===

ఆంగ్ల కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్ 1928లో బెర్లిన్ వచ్చి, తన మిత్రుడు క్రిస్టఫర్ ఇషర్‌వుడ్‌ను (1904-1986) పిలిచినాడు. ఇషర్‌వుడ్ 1929 మార్చిలో మొదటిసారి వచ్చి, ఆ సంవత్సరాంతమున ఇక్కడనే స్థిరపడినాడు. ఇంగ్లండులో అప్పుడు పురుషుల మధ్య సంబంధము జైలు శిక్ష గల నేరము. జర్మనీలో కూడా చట్టము అదే, కాని బెర్లిన్‌లో బారు తలుపు తెరచి ఉండెడిది. ఎల్డొరాడో వంటివి యాత్రికులను మురిపించుటకే అని భావించిన ఇషర్‌వుడ్ వాటికంటె హాల్లెషెస్ టోర్ సమీపమున కార్మిక యువకులు వచ్చే కోజీ కార్నర్ అను చిన్న బారును ఇష్టపడినాడు. ఆంగ్లేయుని జేబులోని పౌను, నిరుద్యోగి అయిన జర్మన్ యువకుని ఆకలి - ఈ రెండింటి మధ్యనున్న అసమానత ఆ స్నేహాలలో ఎంత పాలు వహించినదో అతడే తన వృద్ధాప్యములో, 1976లో వెలువరించిన ఆత్మకథలో దాపరికము లేకుండ చర్చించినాడు.

1930 డిసెంబరులో అతడు నోలెండోర్ఫ్‌ష్ట్రాసె 17వ నంబరు ఇంటిలో అద్దె గదికి మారినాడు. సరిగ్గా అదే నెలలో, అక్కడికి కొన్ని నిమిషాల నడక దూరములో నోలెండోర్ఫ్‌ప్లాట్స్ నందలి సినిమా హాలులో "ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్" అను యుద్ధ వ్యతిరేక చిత్రము ప్రదర్శింపబడుచుండగా, గోబెల్స్ నాయకత్వములో నాజీలు హాలులో ఎలుకలను వదలి, దుర్గంధపు గోళాలను విసిరి ప్రదర్శనను ఆపించినారు. కొలది దినాలలో ప్రభుత్వము ఆ చిత్రమునే నిషేధించినది. తన ఇంటి యజమానురాలిని, పరిచయస్తులను ఆధారము చేసికొని ఇషర్‌వుడ్ వ్రాసిన "గుడ్‌బై టు బెర్లిన్" 1939లో వెలువడినది. 1966 నాటి "కాబరే" నాటకమునకు, 1972 నాటి చలనచిత్రమునకు మూలము ఇదియే. ఆ ఇంటి గోడపై ఇప్పుడు స్మారక ఫలకము ఉన్నది.

=== మూసివేత ===

నాజీలు అధికారమునకు రాకముందే కష్టకాలము ప్రారంభమైనది. 1929 అక్టోబరులో పార్లమెంటు ఉపసంఘమొకటి 175వ సెక్షనును తొలగించుటకు ఓటు వేసినది గాని అది చట్టముగా మారలేదు. 1932 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వమును తొలగించిన తరువాత, కొత్త పోలీసు అధిపతి ఒకే లింగమునకు చెందినవారి నాట్య సభలను అరికట్టుటకు పూనుకొన్నాడు. ఆ సంవత్సరము ముగియులోగానే ఎల్డొరాడో మూతపడినది. 1933 ఫిబ్రవరిలో మిగిలిన బార్లను మూయించుటకు ఆదేశము వచ్చినది. అదే మోట్స్‌ష్ట్రాసె మూలమీద స్వస్తిక జెండాలు కట్టిన ఎల్డొరాడో భవనపు ఫోటో ఒకటి నేటికిని చరిత్ర పుస్తకాలలో ముద్రింపబడుచున్నది. స్త్రీల క్లబ్బులకు, పత్రికలకు చట్టములో నేరమే లేకపోయినను అవి కూడా అంతరించినవి.

1933 మే 6న హిర్ష్‌ఫెల్డ్ పరిశోధనాలయముపై దాడి జరిగినది. మే 10న గ్రంథాలయములోని పుస్తకాలను ఓపెర్న్‌ప్లాట్స్ అను కూడలిలో దహనము చేసినారు. అప్పటికి ప్రపంచ యాత్ర ముగించి స్వదేశమునకు తిరిగిరాలేక పారిస్‌లో ఉన్న హిర్ష్‌ఫెల్డ్ ఈ దృశ్యమును సినిమా హాలులో వార్తా చిత్రముగా చూచినాడు. 1935లో నీస్ నగరములో, తన 67వ పుట్టినరోజున మరణించినాడు.

ఆ సంవత్సరమే 175వ సెక్షను మరింత కఠినమైనది. నాజీ కాలములో సుమారు 1,00,000 మంది పురుషులు ఈ నేరముపై నిర్బంధింపబడినారని, సుమారు 50,000 మందికి శిక్షలు పడినవని, 5,000 నుండి 15,000 మంది వరకు నిర్బంధ శిబిరాలకు పంపబడినారని అంచనా. శిబిరములో వారి దుస్తులపై గులాబీ రంగు త్రికోణము కుట్టబడెడిది. సహనముగల రోజులలో పోలీసులు సేకరించిన జాబితాలు కొత్త పాలకుల చేతికి అందివచ్చినవి. బారును బ్రతుకనిచ్చిన కలమే అక్కడికి వచ్చినవాని పేరును కూడా వ్రాసిపెట్టినది. అనుమతి వేరు, హక్కు వేరు.

ఇషర్‌వుడ్ 1933 మేలో బెర్లిన్ విడిచినాడు. అతని స్నేహితుడు హైంట్స్ నెడ్డర్‌మాయర్‌ను 1934లో ఇంగ్లండు రేవులో అధికారులు లోనికి రానీయలేదు. దేశము నుండి దేశమునకు తిరిగి, చివరకు 1937లో జర్మనీలో పట్టుబడి జైలు, నిర్బంధ శ్రమ, సైనిక సేవ అనుభవించవలసి వచ్చినది. అతడు యుద్ధము నుండి ప్రాణాలతో బయటపడినాడు. పాస్‌పోర్టు కలిగిన యాత్రికుడు వెళ్ళిపోగలడు, స్థానికుడు వెళ్ళలేడు అనుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు.

=== యుద్ధానంతరము ===

యుద్ధము ముగిసినను పశ్చిమ జర్మనీలో 175వ సెక్షను నాజీలు మార్చిన రూపములోనే 1969 వరకు కొనసాగినది. ఈ ఇరువది సంవత్సరాలలో సుమారు 50,000 మందికి శిక్షలు పడినవి. శిబిరము నుండి విడుదలైనవారు మరల అదే సెక్షను క్రింద జైలుకు వెళ్ళిన సందర్భాలున్నవి. 1969లో 21 సంవత్సరాలు నిండినవారి మధ్య సంబంధము నేరము కాకుండ పోయినది, 1973లో ఈ వయస్సు 18కి తగ్గినది, 1994లో సెక్షను పూర్తిగా రద్దయినది. నాజీ కాలపు తీర్పులను 2002లోను, యుద్ధానంతర తీర్పులను 2017లోను పార్లమెంటు కొట్టివేసినది.

షోనెబెర్గ్‌లో 1950ల నుండియే కొన్ని బార్లు తిరిగి తలయెత్తినవి. కిటికీలకు తెరలు, తలుపునకు గంట, లోనుండి చూచి తెరచే చిన్న రంధ్రము - ఇది అప్పటి పద్ధతి. 1977లో హౌప్ట్‌ష్ట్రాసెలో ప్రారంభమైన ఆండెరెస్ ఊఫర్ (అవతలి ఒడ్డు) అను కాఫీ దుకాణము వీధి వైపు పెద్ద అద్దాల కిటికీలు పెట్టి ఈ పద్ధతిని వదిలివేసినది. లోపల కూర్చున్నవారు దారిన పోవువారికి కనబడుదురు, అంతే. కాని ఆ అంతే అనుదానికి నూరు సంవత్సరాలు పట్టినది. పొరుగు ఇంటిలోనే ఆంగ్ల గాయకుడు డేవిడ్ బౌయీ 1976-78 మధ్య నివసించెను.

1979లో బెర్లిన్‌లో మొదటి ఆత్మగౌరవ ఊరేగింపు కొన్ని వందల మందితో జరిగినది. 1980ల మధ్యలో, ఎయిడ్స్ భయము వ్యాపించిన దినాలలో, నోలెండోర్ఫ్‌ప్లాట్స్ దగ్గర మాన్-ఓ-మీటర్ అను సలహా కేంద్రము ఏర్పడినది. 1985లో స్వలింగ ప్రేమికుల చరిత్ర ప్రదర్శనశాల స్థాపింపబడినది. అది 2013 నుండి ల్యూట్సోష్ట్రాసెలో ఉన్నది. 1986లో పోట్స్‌డామర్‌ష్ట్రాసెలో బెగీనె అను పేరుతో స్త్రీలకే ప్రత్యేకించిన కాఫీ దుకాణము వెలసినది. 1989లో నోలెండోర్ఫ్‌ప్లాట్స్ స్టేషను గోడపై ఎర్రరాతి త్రికోణ ఫలకము అమర్చినారు. కొట్టి చంపబడినవారు మరల మౌనము చేత కూడా చంపబడినారని దానిపై వ్రాసిన మాటల తాత్పర్యము. 1993 నుండి మోట్స్‌ష్ట్రాసె ప్రాంతములో ప్రతి వేసవిని వీధి ఉత్సవము జరుగుచున్నది.

== తూర్పు బెర్లిన్ ==

తూర్పు జర్మనీలో చట్టము 1968లోనే సడలినది, కాని పత్రికలకు, సంఘాలకు అనుమతి లేదు. ప్రెంట్స్‌లావర్ బెర్గ్ ప్రాంతములో కొన్ని బార్లు మాత్రము ఉండెడివి. హైనర్ కారో దర్శకత్వములో, ఒక ఉపాధ్యాయుని స్వలింగ ప్రేమను కథావస్తువుగా తీసికొని తూర్పు జర్మనీ ప్రభుత్వ స్టూడియో నిర్మించిన "కమింగ్ అవుట్" చిత్రము 1989 నవంబరు 9 సాయంత్రము విడుదలైనది. ప్రేక్షకులు సినిమా చూచి బయటకు వచ్చు సమయమునకు బెర్లిన్ గోడ తెరచుకొనుచున్నది.

== ప్రస్తుత పరిస్థితి ==

గోడ పడిన తరువాత రాత్రి జీవనము నగరమంతట విస్తరించినది. క్రాయిట్స్‌బెర్గ్ ప్రాంతములోని ఎస్.ఓ.36 అను సభాశాలలో 1990ల చివర మొదలైన "గేహానె" అను నాట్య రాత్రులు టర్కీ, అరబ్బు సంగీతముతో వలస కుటుంబాల స్వలింగ ప్రేమికులకు తమదైన చోటును కల్పించినవి. టర్కీ భాషలో "హానె" అనగా ఇల్లు (మన "కార్ఖానా"లోని "ఖానా" కూడా అదే పార్శీ పదము). పాత విద్యుత్ కేంద్రములో 2004లో తెరచిన బెర్గ్‌హైన్ నాట్యశాల కూడా స్వలింగ ప్రేమికుల సభల నుండియే ఎదిగినది.

అద్దెలు పెరుగుట, పరిచయాలకు ఫోను అప్లికేషన్లు వచ్చుట, కరోనా కాలపు మూసివేతలు ఈ చోట్లను దెబ్బతీసినవి. 1977 నుండి నడిచిన ష్వుట్స్ అను ప్రసిద్ధ నాట్యశాల 2025లో దివాలా తీసి మూతపడినది. ఎల్డొరాడో ఉండిన మూల దుకాణములో చాలాకాలము సేంద్రియ కూరగాయలు అమ్మినారు.

== యాత్రికులు గమనించవలసిన విషయాలు ==

బార్లు సాయంత్రము నుండి, నాట్యశాలలు సాధారణముగా అర్ధరాత్రి తరువాత జోరందుకొనును. శుక్ర, శనివారాలలో ఊ-బాన్ రైళ్ళు రాత్రంతయు నడచును. 18 సంవత్సరాలు నిండినట్లు గుర్తింపు పత్రము, కొంత చేతి డబ్బు వెంట ఉండుట మంచిది. పెక్కు నాట్యశాలలలో ఫోటోలు తీయుట నిషిద్ధము. బెర్గ్‌హైన్ వంటి చోట్ల ఫోను కెమెరాపై ద్వారము వద్దనే చిన్న కాగితము అంటింతురు. ఇది ఆడంబరము కాదు. ఇంటిలోనో, ఉద్యోగములోనో, స్వదేశములోనో తెలిసినచో ప్రమాదము గలవారు లోపల ఉందురు. ఎవరి చిత్రమునైనను సామాజిక మాధ్యమాలలో పెట్టుట వారి జీవితముతో ఆడుకొనుటయే.

మోట్స్‌ష్ట్రాసె, ఫుగ్గర్‌ష్ట్రాసె పరిసరాలలో రాత్రివేళ నాట్యమాడుచున్నట్లు దగ్గరకు వచ్చి జేబులు కత్తిరించేవారుందురు. త్రాగుచున్న గ్లాసును వదిలి వెళ్ళరాదు. దాడికి గురైనవారికి 1990లో మొదలైన మనేయో అను సంస్థ సహాయము చేయును. బెర్లిన్ పోలీసు శాఖలో ఇందుకొరకు ప్రత్యేక అధికారులు ఉన్నారు. 1885 నాటి విభాగమునకు, దీనికి గల తేడాను గమనించవచ్చును. స్వలింగ ప్రేమికులు కానివారు కూడా ఈ బార్లకు వెళ్ళవచ్చును, కాని జంతు ప్రదర్శనశాలకు వెళ్ళినట్లు వెళ్ళరాదు.

== భారతదేశముతో సంబంధము ==

హిర్ష్‌ఫెల్డ్ తన ప్రపంచ యాత్రలో 1931లో భారతదేశమునకు వచ్చి ఉపన్యాసములిచ్చినాడు. ఇషర్‌వుడ్ 1939లో అమెరికా చేరి, హాలీవుడ్‌లోని వేదాంత సంఘమున స్వామి ప్రభవానందకు శిష్యుడైనాడు. గురుశిష్యులు కలిసి చేసిన భగవద్గీత ఆంగ్లానువాదము 1944లోను, శ్రీరామకృష్ణ పరమహంస జీవిత చరిత్ర 1965లోను వెలువడినవి. మన గ్రంథాలయాలలో ఆ పుస్తకాలను చదివినవారిలో పెక్కుమందికి నోలెండోర్ఫ్‌ష్ట్రాసె సంగతి తెలియదు.

భారతదేశములో 377వ సెక్షను 1860 నాటి శిక్షాస్మృతిలో ఉండెడిది. వయోజనుల పరస్పర అంగీకారముతో కూడిన సంబంధములకు అది వర్తింపదని 2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పగా, 2013లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చినది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే మరల అటువంటి సంబంధము నేరము కాదని తీర్పునిచ్చినది. పేర్ల జాబితాల విషయములో తెలుగు నేలకు మరింత దగ్గరి పోలిక ఉన్నది. హైదరాబాదు సంస్థానములో 1329 ఫసలీ, అనగా 1919లో, వచ్చిన ఒక చట్టము నగరములోని హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేయవలెనని, బహిరంగ ప్రదేశములో స్త్రీ వేషముతో కనబడినచో వారెంటు లేకయే నిర్బంధించవచ్చునని నిర్దేశించినది. హిర్ష్‌ఫెల్డ్ బెర్లిన్‌లో తన పరిశోధనాలయము తలుపులు తెరచిన సంవత్సరము కూడా అదే. తెలంగాణ హైకోర్టు ఆ చట్టమును 2023 జూలైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది.